కోఠీ గల్లీలో మాటల కోసం వేట

ముందే చెప్పేస్తున్నాను. ఇది షూటింగ్ విశేషం కాదు, తారల ముచ్చట అంతకన్నా కాదు. ఇంట్లో కంప్యూటర్ని టీవీకి తగిలించుకుని సినిమాలు చూసే మనబోటి వాళ్ల గొడవ. ఆ గొడవ తేల్చుకుందామని ఒక శనివారం పొద్దున్నే చిక్కడపల్లిలో బయల్దేరి సికింద్రాబాద్ పార్క్‌లేన్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, కోఠీ గుజరాతీ గల్లీ చుట్టి వచ్చాం. వెళ్లింది నేనూ, మా మేనల్లుడూ. జేబులో వున్నది 30,000 రూపాయలు. అది నాది కాదు, వాడి మొదటి జీతంలోంచి తీసి పెట్టింది. కాబట్టి ఖర్చు పెట్టే హక్కు వాడిది, వద్దనే హక్కు నాది!

ఇంతకూ గొడవేమిటంటారా? మా అమ్మ.

అమ్మకు 76 ఏళ్లు. విజయవాడలో పుట్టి పెరిగిన మనిషి. 1957లో 'మాయాబజార్' విడుదలైనప్పుడు ఎనిమిదేళ్ల పిల్లట. అప్పటి నుంచీ సినిమా అంటే ప్రాణం. నాలుగు నెలల క్రితం వరకూ రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం హాల్లో చేరేవాళ్లం. హాలంటే ఎంత? పది అడుగులు, పన్నెండు అడుగులు. ఒక గోడకు టీవీ, దాని పక్కన కంప్యూటర్, టీవీకి అటూ ఇటూ పాత కంప్యూటర్ స్పీకర్లు రెండు. అమ్మది కిటికీ పక్క కుర్చీ.

ఆ మధ్య నుంచి కొత్త సినిమా పెట్టినప్పుడల్లా ఒకటే తంతు. పాట వస్తే కిటికీ రెక్కలు టపటప కొట్టుకుంటాయి. ఫైటు వస్తే కింది వాటా ఆయన మెట్లెక్కి వస్తాడు. తీరా హీరో హీరోయిన్ కూర్చుని మాట్లాడుకుంటుంటే ఎవరో పక్కింట్లో గుసగుసలాడినట్లు వుంటుంది. మావాడు వాల్యూమ్ పెంచుతాడు. సరిగ్గా అప్పుడే విలన్ కారు పేలుతుంది. మావాడు తగ్గిస్తాడు. మళ్లీ గుసగుసలు. 

"ఏమన్నాడురా?" అని అమ్మ అడగడం, మేం చెప్పడం, చెప్పేలోపల తర్వాతి మాట పోవడం. కొన్నాళ్లకు అడగడం మానేసింది. ఇంకొన్నాళ్లకు, "నాకు చెవుడొచ్చిందిరా, మీరు చూసుకోండి" అంటూ లోపలికి వెళ్లి పడుకోవడం మొదలుపెట్టింది. కిటికీ పక్క కుర్చీలో ఇస్త్రీ బట్టలు చేరాయి.

ఇందులో ఒక విచిత్రం వుంది. మధ్యాహ్నం పూట తను ఒక్కతీ కూర్చుని పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలు పెట్టుకుంటే మాత్రం మాటలన్నీ వినపడేవిట. అది విని కూడా మేం పట్టించుకోలేదు. పాత సినిమా కదా, మాటలన్నీ కంఠతా వచ్చు కదా, అందుకే వినపడినట్లు అనిపిస్తోంది కాబోలు అనుకున్నాం. తెలివైన వాళ్లం కదా మరి!

మేనల్లుడి పరిష్కారం తేలిక. "మామయ్యా, మంచి ఫైవ్ పాయింట్ వన్ సిస్టం కొనేద్దాం. వెయ్యి వాట్లు. అమ్మమ్మకి వినపడకపోతే అడుగు."

వెయ్యి వాట్లు పెడితే అమ్మమ్మకే కాదు, సచివాలయంలో ముఖ్యమంత్రికి కూడా వినపడుతుంది. మాటలు వినపడతాయా అన్నదే నా సందేహం.

పొద్దున పదిన్నరకు చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగాం. అక్కణ్ణుంచి ఆటోలో పార్క్‌లేన్. కంప్యూటర్ల మనుషులకు చెనాయ్ ట్రేడ్ సెంటర్ గురించి చెప్పనక్కర్లేదు. అందరూ సీటీసీ అనే అంటారు. మీరు వెళ్లకపోతే ఇలా వూహించుకోండి: అంతస్తుల నిండా చిన్న చిన్న గదులు, గదికో కొట్టు, నడవాలో మోకాళ్లెత్తు అట్టపెట్టెలు, ఒక చేత్తో టీ గ్లాసు, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకున్న కుర్రాళ్లు. సినిమాకు మద్రాసులో కోడంబాక్కం ఎలాగో, ఈ జంటనగరాల్లో కంప్యూటర్ విడిభాగాలకు ఈ భవనం అలాగ.

మావాడు నేరుగా ఒక కొట్టుకు వెళ్లి 7.1 సౌండ్ కార్డు కావాలన్నాడు. కౌంటర్లో వున్నది వాడి వయసు కుర్రాడే. 

"దేనికి తగిలిస్తారు బ్రో?" అని అడిగాడు. 

"ఎ.వి. రిసీవర్ తీసుకుంటే దానికి." 

"అయితే కార్డు దండగ." 

అమ్మేవాడే వద్దంటే వినాలి కదా. బిల్లు పుస్తకం తిరగేసి వెనక బొమ్మ వేశాడు. కంప్యూటర్ నుంచి శబ్దం బయటికి రావడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది వెనకాల వుండే రంగురంగుల చిన్న జాకులు: ఆకుపచ్చది ముందు స్పీకర్లకు, నల్లది వెనక స్పీకర్లకు, ఆరెంజ్‌ది మధ్య స్పీకరుకూ సబ్‌వూఫరుకూ. రెండోది ఆప్టికల్ తీగ. అందులో వెళ్లేది వెలుతురు. రెండు చానెళ్ల శబ్దం మామూలుగా వెళ్తుంది, 5.1 అయితే డాల్బీ డిజిటల్ లాగానో డి.టి.ఎస్. లాగానో మూటకట్టి పంపాలి. బ్లూ-రేలో వుండే అసలు సిసలు పెద్ద ట్రాకులు అందులో పట్టవు. మూడోది హెచ్.డి.ఎం.ఐ. బొమ్మా శబ్దమూ రెండూ ఒకే తీగలో పోతాయి, ఎనిమిది చానెళ్ల దాకా. రిసీవర్ కొంటే ఇదే రాజమార్గం. కంప్యూటర్ నుంచి తీగ రిసీవర్‌కి, రిసీవర్ నుంచి టీవీకి. శబ్దాన్ని విడదీసే పని రిసీవరే చూసుకుంటుంది గనక సౌండ్ కార్డుకు చేసే పనే వుండదు.

"ఒక్క మాట అన్నా," అన్నాడు నావైపు తిరిగి. "పాత రిసీవర్లు కొన్ని 4కె బొమ్మని దాటనివ్వవు. మీ టీవీ ఏంటి?" 

మాది ఫుల్ హెచ్.డి. అని చెబితే, "అయితే సెకండ్‌హ్యాండ్ అయినా నడుస్తుంది" అన్నాడు. 

చివరికి వాడి దగ్గర కొన్నది ఏమిటో తెలుసా? కంప్యూటర్ డబ్బాకు ఒక పెద్ద ఫ్యాను. చిన్న ఫ్యాను గిర్రున తిరిగి ఈల వేస్తుంది. పెద్దది నెమ్మదిగా తిరిగినా అంత గాలీ తోస్తుంది, చప్పుడు తక్కువ. సినిమాలో నిశ్శబ్దం వచ్చినప్పుడు కంప్యూటర్ గురక వినపడితే ఎంత ఖరీదైన స్పీకరైనా ఏం లాభం? ఖర్చు 650 రూపాయలు. మావాడి మొహంలో ఇంకా వెయ్యి వాట్ల ఆశ వెలుగుతూనే వుంది.

మళ్లీ మెట్రో. సికింద్రాబాద్ వెస్ట్, గాంధీ హాస్పిటల్, ముషీరాబాద్... తర్వాతి స్టేషన్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్! ఇక్కడ దిగకుండా కోఠీ వెళ్లడం మా వల్ల అవుతుందా? రైల్లోంచి చూస్తే కింద కటౌట్లు, పూలదండలు, నిన్నటి బాణసంచా కాగితాలు. సంధ్య, దేవి, సుదర్శన్... ఒక్కో పేరు వెనక ఒక్కో తరం చొక్కాలు చించుకుంది. "సౌండ్ సిస్టం కొనడానికి వెళ్తూ మంచి సౌండ్ వినకుండా ఎలా?" అన్నాడు మావాడు. తర్కం బావుంది. దేవి 70 ఎం.ఎం.లో మ్యాట్నీకి టికెట్లు దొరికాయి.

ఏ సినిమా అన్నది అప్రస్తుతం. ఆ రోజు మేం సినిమా చూడలేదు, విన్నాం! మాటల సీను వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకోమన్నాను. "ఎక్కణ్ణుంచి వస్తోందిరా మాట?" అని అడిగితే, "తెర మధ్య నుంచి" అన్నాడు. పాట వచ్చింది. "ఇప్పుడు?" "అటూ ఇటూ కూడా." వాన సీను వచ్చింది. "వెనకాల, గోడల మీంచి!" అన్నాడు. ముందు వరసాయన తిరిగి చూసి, కళ్లు మూసుకుని ముచ్చట్లాడుకుంటున్న మా ఇద్దర్నీ జాలిగా చూశాడు.

సినిమా హాల్లో తెరకు దగ్గరగా వెళ్లి ఎప్పుడైనా చూశారా? గుండుసూదితో గుచ్చినట్లు సన్నని రంధ్రాలుంటాయి. వెనక వున్న స్పీకర్ల శబ్దం వాటిలోంచి మన దాకా వస్తుంది. తెర వెనక ఎడమ ఒకటి, మధ్య ఒకటి, కుడి ఒకటి. సంభాషణలు దాదాపు అన్నీ మధ్య స్పీకరుకే రాసిపెట్టి వుంటాయి. ఏ మూల కూర్చున్నా మాట నటుడి నోట్లోంచి వచ్చినట్లే వుండాలని ఆ ఏర్పాటు. గోడల మీద వుండేవి ఎక్కువగా వానకీ, జనం చప్పట్లకీ, హెలికాప్టర్‌కీ. 5.1 అంటే అంతే: ముందు మూడు, వెనక రెండు, ఆ చివరి పాయింట్ ఒకటి గుండెలదిరే బరువు శబ్దాలకు. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చినప్పుడు వున్నది ఒకే ట్రాకు. 1986లో 'సింహాసనం' 70 ఎం.ఎం.తో పాటు ఆరు ట్రాకుల శబ్దాన్ని తెచ్చింది. మన నాన్నలు దాని గురించి ఇప్పటికీ ఎందుకు చెబుతారంటే అందుకే.

ఇంటర్వెల్‌లో సమోసా తింటూ మావాడు మొదటిసారి అనుమానపడ్డాడు. "మామయ్యా, అమ్మమ్మకి కావాల్సింది ఆ మధ్య స్పీకరేనేమో?"

సినిమా వదిలేసరికి సాయంత్రం అయిదున్నర. మళ్లీ రైలెక్కి సుల్తాన్ బజార్‌లో దిగాం. కోఠీ సంగతి తెలిసిందే. పాత పుస్తకాలు, కొత్త చీరలు, జాంపళ్ల బళ్లు, బస్సు కోసం పరుగెత్తే జనం. ఆ గోలలోంచి బ్యాంక్ స్ట్రీట్ వైపు తిరిగి గుజరాతీ గల్లీలో అడుగుపెడితే గోల మారుతుంది. బట్టల బేరాల గోల పోయి స్పీకర్ల గోల మొదలవుతుంది. ఒక కొట్టులో డీజే పాట, పక్క కొట్టులో భజన, ఎదురు కొట్టులో "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ". పైనుంచి వేలాడే వైరు చుట్టలు. తలుపు పక్కన మనిషెత్తు డబ్బాలు. పెళ్లి బ్యాండు మేళానికైనా, బడి పంద్రాగస్టు మైకుకైనా, కారుకైనా, ఇంటికైనా ఇక్కడ దొరకనిది లేదు.

మొదటి కొట్టులో మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టారు. డబ్బా మీద 4000 వాట్స్ అని వేలెడంత అక్షరాలు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో పి.ఎం.పి.ఓ. అని. ఇది పాత మాయ. సెకనులో ఏ ముక్కలోనో ఒకసారి ఎగిరిపడే శక్తిని లెక్కగట్టి, స్పీకర్లన్నిటినీ కూడి, నచ్చిన అంకె వేసుకోవచ్చు. నిలకడగా ఇచ్చే శక్తి ఎంతో తెలియాలంటే ఆర్.ఎం.ఎస్. అని వున్న అంకె చూడాలి. పైగా వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. పది అడుగుల గదికి ఒక్కో స్పీకరుకు నిజమైన నలభై, యాభై వాట్లుంటే ధారాళం.

అమ్మేవాడు రిమోట్ నొక్కాడు. హెలికాప్టర్! తర్వాత బాంబు! తర్వాత నాలుగు కార్లు గాల్లోకి! సోఫా కింద ఏదో పాకినట్లయింది. మావాడి కళ్లు చింతనిప్పులు.

"బాబూ, ఏదన్నా మాటల సీను పెట్టవా? ఇద్దరు కూర్చుని మెల్లగా మాట్లాడుకునేది" అన్నాను.

అతను రిమోట్ పట్టుకుని అలాగే వుండిపోయాడు. "మాటల సీను జూసి ఎవడు గొంటడు సార్?"

వెతికి వెతికి ఒకటి పెట్టాడు. తల్లీ కొడుకూ వంటింట్లో మాట్లాడుకుంటున్నారు. తల్లి గొంతు డ్రమ్ములోంచి వచ్చినట్లుంది. సన్నని ఆ నాలుగు స్పీకర్లూ చేయలేని పనంతా కింద సబ్‌వూఫర్ మీద వేస్తే గొంతులో సగం నేలమీదికి దిగిపోతుంది మరి. లేచి నమస్కారం పెట్టి బయటపడ్డాం. రెండో కొట్టులోనూ అదే హెలికాప్టర్. మూడో కొట్టులో కూడా అదే! ఆ పైలట్‌కి ఎంత ఓవర్‌టైం ఇస్తున్నారో.

అలా పోతూ పోతూ గల్లీ చివర ఒక ఇరుకు కొట్టు ముందు ఆగాం. అమ్మకం కన్నా రిపేరు ఎక్కువున్న కొట్టు. బల్లమీద విప్పి పడేసిన ఆంప్లిఫయర్లు, సోల్డరింగ్ వాసన, గోడకు ఒక పాత వాల్వు రేడియో. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఒక పెద్దాయన. వెనక రాకులో నాలుగైదు వాడిన రిసీవర్లు తళతళలాడుతున్నాయి. మావాడు వాటిని చూసి ఆగాడు. నేను కుర్చీ చూసి ఆగాను.

"ఏం గావాలె?" 

మావాడు కథంతా చెప్పాడు. అమ్మమ్మ, గుసగుసలు, పేలే కార్లు, కింది వాటా ఆయన. పెద్దాయన సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టాడు. 

"ఇప్పుడేమున్నయి ఇంట్ల?" 

"రెండు కంప్యూటర్ స్పీకర్లండీ." 

"వెనకాల ఎన్ని వైర్లు వెట్టిన్రు?" 

"ఒకటే. ఆకుపచ్చ జాకు." 

"మరి కంప్యూటర్ల ఎన్ని స్పీకర్లున్నయని రాసిపెట్టిన్రు?" 

మావాడు కొంచెం గర్వంగానే చెప్పాడు. "ఫైవ్ పాయింట్ వన్. నాలుగు నెలల కింద నేనే మార్చాను. క్వాలిటీ బాగుంటుందని."

పెద్దాయన నవ్వలేదు. కళ్లద్దాలు కిందికి దించి మావాణ్ణి పరకాయించి చూశాడు. 

"గదే లొల్లి, బేటా. నువ్వు ఆరు డబ్బాలున్నయని చెప్పినవ్. అది నమ్మింది. పాటలు పచ్చ జాకుల నుంచి వస్తున్నయి. మాటలన్నీ ఆరెంజ్ జాకుకు పంపుతున్నది. ఆడ వైరే లేదాయె. మీ హీరో నాలుగు నెలల సంది ఆ కంతల మాట్లాడుతున్నడు."

ఆ కొట్టులో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు కాసేపు.

అప్పుడర్థమైంది నాకు. పాత సినిమాలు అమ్మకెందుకు వినపడ్డాయో! వాటిలో వున్నది ఒకటే ట్రాకు. అది కుడిఎడమలకు సమానంగా వచ్చేస్తుంది, మధ్య స్పీకరు అవసరమే లేదు. కొత్తవాటిలోనే మాటను విడదీసి మధ్యకు పంపుతారు. ఆ మధ్య మా ఇంట్లో లేదు. మాకు వినపడ్డ ఆ గుసగుసలు అటూ ఇటూ స్పీకర్లలోకి కాస్త కాస్త ఒలికిన మాటల ముక్కలన్నమాట. అమ్మ నిజమే చెబుతోంది. మేమే వినలేదు.

"ఆ రిసీవర్ ఎంతండీ?" అని మావాడు నీరసంగా అడిగాడు.

"ఇయ్యాల నీకేం అమ్మను. ఇంటికి వొయ్యి ఫైవ్ పాయింట్ వన్ తీసి స్టీరియో అని వెట్టు. మీ అమ్మమ్మను కూసోబెట్టి జూపెట్టు. గప్పటికీ గావాలంటే వచ్చే శనివారం రా."

ఇరవై ఏళ్లుగా ఈ వూళ్లో వున్నాను. డబ్బు పట్టుకుని వస్తే వద్దని పంపిన కొట్టు అదే మొదటిది. అదీ ఒకే రోజు రెండోసారి, సీటీసీ కుర్రాణ్ణి కూడా కలుపుకుంటే.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదైంది. చెప్పులు విప్పకుండానే మావాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సౌండ్ సెట్టింగుల్లో 5.1 తీసి స్టీరియో పెట్టడానికి అర నిమిషం పట్టలేదు. స్టీరియో అని చెబితే మధ్య చానెల్‌ని కంప్యూటరే రెండు ముక్కలు చేసి కుడిఎడమలకు పంచిపెడుతుంది. మొన్న సగంలో ఆపేసిన సినిమా పెట్టాడు. హీరోయిన్ తండ్రితో ఏదో చెబుతోంది. 

లోపల్నుంచి అమ్మ గొంతు. "ఎవర్రా వచ్చింది?"

"ఎవరూ రాలేదమ్మమ్మా, సినిమా." 

"అంత స్పష్టంగానా?" అంటూ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. మావాడు కుర్చీలోంచి ఇస్త్రీ బట్టలు తీశాడు. ఆ పని చేస్తూ నావైపు చూడలేదు.

ఇక్కడితో కథ కంచికి అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను, 30,000 మిగిలాయని. కానీ చెవుల డాక్టరు దగ్గర ముందే సోమవారానికి చీటీ రాయించి వుంది కదా, ఎలాగూ వెళ్లాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేశారు. కాగితం మీద గీత ఎడమవైపు బాగానే వుండి కుడివైపుకు వెళ్లేకొద్దీ కిందికి జారింది. వయసుతో వచ్చే మార్పేనన్నారు. ముందు పోయేది సన్నని, పదునైన శబ్దాలు. స, శ, త, చ లాంటి అక్షరాల పదును వుండేది అక్కడే. అచ్చులు గట్టిగా వినపడతాయి, హల్లులు చెదిరిపోతాయి. మనిషి మాట్లాడుతున్నట్లు తెలుస్తుంది గానీ ఏమన్నాడో తెలియదు. ఇప్పటికి మెషీన్ అక్కర్లేదు, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. 

అంటే తప్పు సగం మాది, సగం వయసుది. మా సగం అర నిమిషంలో పోయింది. రెండో సగానికి వాల్యూమ్ పెంచితే లాభం లేదు, హల్లులతో పాటు డప్పులూ పెరుగుతాయి. బరువు శబ్దం ఎక్కువైతే సన్న శబ్దాన్ని మింగేస్తుంది కూడా. కావాల్సింది ఏమిటంటే, మిగతావన్నీ వున్నచోటే వుండి మాట ఒక్కటే కాస్త పైకి లేవాలి. రెండు స్పీకర్లతో అది కుదరదు, అన్నీ కలిసిపోయి వుంటాయి కనక. మధ్య స్పీకరు విడిగా వుండి, దాని ఒక్కదాని మోతాదు మార్చగలిగితేనే కుదురుతుంది. అంటే రిసీవర్. 

వచ్చే శనివారం మళ్లీ గుజరాతీ గల్లీ. ఈసారి నేరుగా చివరి కొట్టుకే.

"స్టీరియో వెట్టినవా?" 

"పెట్టానండీ. వినపడింది." 

"మరెందుకొచ్చిన్రు?" 

డాక్టరు కాగితం చూపించాను. పెద్దాయన ఆ గీతను చాలాసేపు చూశాడు. తన చెవి తడుముకుని, "నాది ఇంకా కిందికున్నది" అన్నాడు.

ఆయన రాకులోంచి వాడిన 5.1 రిసీవర్ ఒకటి తీశాడు. హెచ్.డి.ఎం.ఐ. లోపలికి నాలుగు, బయటికి ఒకటి. 13,500. వారంలోపు ఏదన్నా అయితే వాపసు, ఆ తర్వాత ఆరు నెలలు మరమ్మతు ఉచితం. వాడిన సరుకు కొనేవాళ్లు ఒక పని చేయండి: అన్ని సాకెట్లలోనూ తీగ పెట్టించి చూడండి, వాల్యూమ్ మీటను మెల్లగా తిప్పి గరగర వస్తుందేమో వినండి, అరగంట నడిపించి పైన చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా వుండాలి, కాలకూడదు. స్పీకర్లు కొత్తవే తీసుకున్నాం, అటూ ఇటూ పెట్టే జత 8,800, మధ్యది 6,000. మూడూ ఒకే కంపెనీవి, ఒకే వరసవి. వేరు వేరు కంపెనీలవైతే మాట్లాడుతూ నడిచే మనిషి గొంతు ఎడమ నుంచి మధ్యకు రాగానే మారిపోతుంది. తీగలన్నిటికీ కలిపి 900. పోయిన వారం ఫ్యానుతో కలుపుకుంటే 29,850. మిగిలిన నూట యాభైకి బయట మిర్చి బజ్జీలు.

సబ్‌వూఫర్? వెనక స్పీకర్లు? లేవు. ఈ విషయంలో మెట్రోలో మామా అల్లుళ్లకు చిన్నపాటి యుద్ధమే జరిగింది. "త్రీ పాయింట్ జీరోనా! ఎవరికన్నా చెప్పుకుంటే నవ్వుతారు మామయ్యా!" అని వాడు. ముందు మూడూ బాగుంటే తక్కినవి ఎప్పుడైనా చేర్చుకోవచ్చు, రిసీవర్‌లో వాటి సాకెట్లు ఖాళీగా ఎదురుచూస్తూనే వుంటాయి. అదే ఆరు నాసిరకం డబ్బాలు ఒకేసారి కొంటే ఏదీ మార్చుకోలేం. ఇది నా వాదన. వాడు ఒప్పుకోలేదు, ఊరుకున్నాడంతే.

బిగించడానికి ఆదివారం సగం పట్టింది. మధ్య స్పీకరును మొదట టీవీ కింద అలమర అరలో తోశాం. మాట బావిలోంచి వచ్చినట్లయింది. బయటికి లాగి అర అంచుకు తెచ్చి, ముందువైపు కింద రెండు రబ్బరు బిళ్లలు పెట్టి అమ్మ కుర్చీవైపు మూతి పైకెత్తేసరికి తేరుకుంది. కుడిఎడమ జతను టీవీకి చెరో రెండడుగుల దూరంలో, కూర్చుంటే చెవి ఎంత ఎత్తుకు వస్తుందో అంత ఎత్తున పెట్టాం. గోడకు ఆనించలేదు, ఆనిస్తే గొంతు బొంగురు పోతుంది. ఖాళీ గోడకు అమ్మ పాత జంపఖానా వేలాడదీస్తే గదిలో మోత తగ్గింది. ఇదంతా అయ్యాక స్పీకర్లలోంచి 'మ్‌మ్‌మ్' అని ఒకటే సన్నని రొద. కంప్యూటర్ ఒక ప్లగ్గులో, రిసీవర్ గదికి ఆ చివర ఇంకో ప్లగ్గులో వున్నాయి. రెండింటినీ ఒకే బోర్డుకు మార్చాక రొద పోయింది. ఇలాంటప్పుడు కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొడతారు. ఆ పని మాత్రం చేయకండి, రొదతో పాటు మనుషులు పోతారు.

ఆఖరున రిసీవర్‌కు పరిచయం. వెనక స్పీకర్లు: లేవు. సబ్‌వూఫర్: లేదు. ఈసారి మావాడు ఒక్కొక్కటీ పైకి చదువుతూ నొక్కాడు, కోర్టులో సాక్షిలాగ. వున్నది వున్నట్లు చెబితే లేని స్పీకర్ల వాటా వున్నవాటికి అదే పంచుకుంటుంది. ఆ తర్వాత మధ్య స్పీకరు ఒక్కదాన్నీ 3 డెసిబెల్స్ పెంచాం. రాత్రి పూటకు, పేలుళ్లను అణచి గుసగుసలను లేపే నైట్ మోడ్ అనేది ఒకటుంది. అది పెట్టాక కింది వాటా ఆయన ఇంతవరకు మెట్లెక్కలేదు.

ఆ రాత్రి అమ్మ తన కుర్చీలో కూర్చుంది. పోయిన ఏడాది ఆడిన పెద్ద హీరో సినిమా పెట్టాం, తను మధ్యలో లేచి వెళ్లిపోయిన సినిమాయే. ఒక్క మాట పోవడం లేదు. హీరో విలన్ కి వార్నింగు ఇచ్చాడు. హీరోయిన్ తో సరసాలాడాడు. స్నేహితుడితో జోకులేశాడు. అమ్మ శ్రద్ధగా ముప్పావు గంట వింది. మావాడు తెర వైపు కాకుండా అమ్మమ్మ వైపే చూస్తున్నాడు.

"ఎలా వుందమ్మమ్మా?"

"చక్కగా వినపడుతోందిరా నాన్నా. వీళ్లు ఇన్నాళ్లూ మాట్లాడుకున్నది ఇదేనా?"

"అవును."

"అయితే ఏం పోలేదు," అని రిమోట్ అందుకుంది. "ఇది తీసేసి 'మాయాబజార్' పెట్టు."